పదికి మూడు మార్కుల అర్జీ

ఆ రోజు అర్జీల మేస్త్రి వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి స్నానం, ఎనిమిదిన్నరకు టీ, తొమ్మిది కొట్టేలోపు టైపు మిషను సైకిలు వెనక కట్టుకుని ఆఫీసుల ముందున్న రేకుల షెడ్డు చేరడం. ఇరవై రెండేళ్లుగా అదే పథకం, ఒక్కరోజు తప్పలేదు. వీధి దీపం వెలగనివాళ్లు, కుళాయి రానివాళ్లు, పక్కింటి మురుగు తమ గుమ్మంలోకి వచ్చినవాళ్లు ఆయన ముందున్న స్టూలు మీద కూర్చుని గోడు చెప్పుకునేవాళ్లు. ఆయన "ఊ" అనేవాడు. అంతకుమించి ఆయన నోటి వెంట మాట విన్నవాళ్లు తక్కువ. వాళ్లు చెప్పడం అయిపోయాక వేళ్లు విరుచుకుని టైపు కొట్టడం మొదలుపెట్టేవాడు. ఇటుక మీద ఇటుక పేర్చినట్టు మాట మీద మాట పేరుస్తాడని షెడ్డులోవాళ్లు ఆయనకు మేస్త్రి అని పేరు పెట్టారు. ఇంట్లో మాట్లాడని మాటలన్నీ ఆయన అర్జీల్లో దాచుకుంటాడని ఆయన భార్య అభిప్రాయం.

ఐదో తరగతి చదివే కూతురు ఆ పొద్దున్నే ఒక కాగితం తెచ్చి టీ గ్లాసు పక్కన పెట్టింది. ఆ పిల్లను ఇంట్లో అందరూ ఎందుకమ్మ అంటారు. మాటలు వచ్చిన రోజు నుంచి "ఎందుకు?" అని అడగకుండా ఆ పిల్ల ఏ మాటనూ వదిలిపెట్టలేదు.

"నాన్నా, ఇది నీట్‌గా టైపు కొట్టివ్వవా? ఇవాళే ఇవ్వాలి."

"ఏంటది?"

"ఒప్పించే ఉత్తరం. మా కొత్త టీచరు నేర్పారు. మనకేం కావాలో ముందు చెప్పాలంట. తర్వాత ఎందుకో చెప్పాలి. దానికి ఆధారం చూపించాలి. ఎదుటివాళ్లు కాదంటే ఎందుకంటారో అది కూడా మనమే చెప్పి, దానికి జవాబివ్వాలి. అందరిలోకీ బాగా రాసినదాన్ని టీచరు తీసుకెళ్లి పెద్ద టీచరుకి ఇస్తానన్నారు. ఆటల పీరియడ్ మళ్లీ పెట్టించడానికి."

మేస్త్రి కాగితం తీసుకుని చదివాడు. "పెద్ద టీచరు గారికి, మాకు ఆటల పీరియడ్ తిరిగి కావాలి. పొద్దున్నుంచి కూర్చునే ఉంటే మధ్యాహ్నం లెక్కలు బుర్రకెక్కడం లేదు. ఆడుకున్న రోజుల్లో మా తరగతిలో లెక్కల్లో తప్పినవాళ్లు ఆరుగురు. ఇప్పుడు పదముగ్గురు. ఆటలు ఎందుకు తీసేశారో మాకు తెలియదు. చెబితే దానికి జవాబు ఆలోచిస్తాం." అంతే. కింద సంతకం.

మేస్త్రి కాగితం వెనక్కి తిప్పి చూశాడు. అక్కడా ఏమీ లేదు.

"ఇందులో ఏడుపేదమ్మా?"

"ఏడుపెందుకు?"

"ఏడవకపోతే ఆఫీసువాళ్లు చదవరు."

"ఇది ఆఫీసుకి కాదు నాన్నా. మా పెద్ద టీచరుకి."

"కుర్చీ ఉంటే ఆఫీసే."

ఆయన మిషనులో కాగితం ఎక్కించాడు. ఉన్నది ఉన్నట్టు కొట్టి ఇచ్చేద్దామనే అనుకున్నాడు. కానీ ఇరవై రెండేళ్లుగా ఆయన వేళ్లకు ఒక దారి అలవాటైపోయింది. ముందు పొగడాలి, తర్వాత ఏడవాలి, ఆ తర్వాత కొంచెం భయపెట్టాలి, చివర వేడుకోవాలి. కూతురు జడ వేయించుకుంటూ ఏదేదో చెబుతోంది, ఆయన "ఊ" కొడుతున్నాడు, వేళ్లు తమ దారిన తాము పోతున్నాయి. "విద్యాదాన ధురంధరులగు తమ సముఖమునకు ఐదవ తరగతి బాలబాలికలు కన్నీటితో చేసుకొను మనవి ఏమనగా" అని మొదలైంది. లేత వెన్నెముకలు వడిలిన తీగలవలె వంగిపోవుచున్నవన్నారు. గాలి ఆడని ఆ తరగతి గది గోడలు దినదినమూ మీదికి జరిగివచ్చుచున్నవన్నారు. ఇకనైనా కనికరించనిచో జరుగు పరిణామములకు తామే బాధ్యులన్నారు. కూతురు రాసిన ఆరుగురు, పదముగ్గురు లెక్క మాత్రం ఆయనకు పొడిగా అనిపించింది. తీసేశాడు.

అక్కడితో ఆగినా బాగుండేది. ఒక్క ఆఫీసుకే పంపిన అర్జీ నిద్రపోతుంది, నాలుగు ఆఫీసులకు పంపితే ఒకళ్లనొకళ్లు నిద్రపోనివ్వరు అన్నది మేస్త్రి వృత్తి రహస్యం. అందుకని ఆయన ఎప్పుడు కాగితం ఎక్కించినా దాని వెనక మూడు కార్బన్లు పెట్టే ఎక్కిస్తాడు. అడుగున "నకలు" అని గీత గీసి ఆఫీసుల పేర్లు కొడతాడు. ఆ రోజు కూడా చదువుల ఆఫీసరు, ఆరోగ్య ఆఫీసరు, కట్టడాల ఇంజనీరు అని మూడు పేర్లు కొట్టాడు. మొదటి కాగితం కూతురికి ఇచ్చాడు. బడికి ఆలస్యమవుతోందని ఆ పిల్ల చదవకుండానే సంచిలో పెట్టుకుంది. మిగతా మూడూ మడిచి, కవర్లలో పెట్టి, చిరునామాలు రాసి, అంటించి, బల్ల కుడి మూల పెట్టాడు. చేతులు ఇదంతా తలను అడక్కుండానే చేశాయి.

బల్ల కుడి మూలన ఏముంటే అది తీసుకెళ్లి పోస్టులో వేయడం భార్య పని. ఆవిడ ఉద్యోగం పోస్టాఫీసులోనే.

ఆవిడ వెళ్లిన అరగంటకు, షెడ్డులో మిషను దించుతూ ఉండగా మేస్త్రికి కార్బన్లు కనబడ్డాయి. మూడూ కొత్తగా నలిగి ఉన్నాయి. ఒకదాన్ని వెలుతురుకు పెట్టి చూస్తే అందులో "లేత వెన్నెముకలు" కనిపించాయి. స్టూలు మీద అప్పటికే కూర్చున్న మనిషి కుళాయి కష్టం చెప్పుకుంటున్నాడు. మేస్త్రి "ఊ" అని, సైకిలెక్కి వెళ్లిపోయాడు. ఆ మనిషి ఇంకో పది నిమిషాలు మిషనుకు చెప్పుకున్నాడు.

పోస్టాఫీసు కౌంటరు వెనక భార్య ముద్రలు కొడుతోంది.

"లైన్లో రండి."

"నేనే."

"చూస్తూనే ఉన్నాను. లైన్లో రండి."

ముందు ముగ్గురున్నారు. మేస్త్రి వాళ్ల వెనక నిలబడ్డాడు. వంతు వచ్చింది.

"పొద్దున తెచ్చిన కవర్లలో మూడు వెనక్కివ్వు."

"ఎందుకండీ?"

"పొరపాటు."

"ముద్ర పడిపోయింది."

"పడితే?"

"ముద్ర పడ్డాక ఆ ఉత్తరం మీది కాదు, నాది కాదు. అందుకునేవాళ్లది."

"నేను నీ మొగుణ్ణి!"

"ఇంట్లో. ఇక్కడ మీరు నాలుగో నంబరు." ఆవిడ ముద్ర ఎత్తి, కొంచెం జాలిపడి, దించింది. "వెనక్కి తీసుకోవాలంటే ఒక దారుంది. పోస్టుమాస్టరు గారికి అర్జీ పెట్టండి. సంచి బండెక్కడానికి ఇంకా అరగంట టైముంది."

మేస్త్రి ముఖం వికసించింది. అర్జీ అంటే ఆయనకు మంచినీళ్లు తాగడమే. గోడ పక్క బల్ల మీద కూర్చుని కలం తీశాడు. పోస్టుమాస్టరును పొగిడేసరికి పావుగంట అయింది. ఏడ్చేసరికి ఇంకో పావుగంట. భయపెట్టే చోటికి వచ్చేసరికి బయట బండి హారన్ కొట్టి కదిలింది.

"ఎవరికీ చెప్పకు," అన్నాడు భార్యతో.

"తర్వాత ఎవరండీ?" అంది ఆవిడ.

మూడు రోజులు ఏమీ జరగలేదు. ఆఫీసుల సంగతి బాగా తెలిసిన మనిషి కాబట్టి ఇక ఏమీ జరగదనే మేస్త్రి ధైర్యపడ్డాడు. నాలుగో రోజు సాయంత్రం కూతురు సంచి కింద పెడుతూ చెప్పింది.

"నాన్నా, ఇవాళ బడిలో మా వెన్నెముకలు కొలిచారు."

మేస్త్రి టీ గ్లాసు కింద పెట్టాడు. "ఎందుకు?"

"అది నేనడగాల్సిన మాట. ఆరోగ్య ఆఫీసరు వచ్చారు. మా అందరినీ గోడకి నిలబెట్టి వీపు మీద స్కేలు పెట్టి చూశారు. నలభై ఇద్దరినీ. రిపోర్టు వచ్చేదాకా ఎవరూ గెంతకూడదంట, పరిగెత్తకూడదంట. మెట్లు కూడా మెల్లగా దిగాలంట. పెద్ద టీచరు గోడకి కాగితం అంటించారు."

భార్య మేస్త్రి వైపు చూసింది. మేస్త్రి గ్లాసు వైపు చూశాడు.

మర్నాడు సాయంత్రం ఇంకో కబురు. "నాన్నా, ఇవాళ మా గది కొలిచారు."

కట్టడాల ఇంజనీరు టేపు పట్టుకుని వచ్చాడట. గోడలు మీదికి జరుగుతున్నాయని ఫిర్యాదు వచ్చిందన్నాడట. అలాంటిదేమీ లేదని పెద్ద టీచరు నవ్విందట. ఇంజనీరు నవ్వకుండా టేపు వేశాడు. బడి కట్టినప్పటి పుస్తకంలో గది వెడల్పు ఇరవై రెండు అడుగులని ఉంది. టేపు దానికి రెండంగుళాలు తక్కువ చూపించింది. మళ్లీ వేశాడు. మళ్లీ రెండంగుళాలు తక్కువే. ఇంజనీరు ముఖం పాలిపోయింది. పావుగంటలో గదికి తాళం పడింది. పిల్లలనూ బెంచీలనూ తెచ్చి ఆటస్థలంలో పెట్టారు.

"అంటే ఇప్పుడు మీరు ఆటస్థలంలో ఉన్నారా?" మేస్త్రి గొంతులో చిన్న ఆశ మెరిసింది.

"ఉన్నాం. లెక్కలు చేస్తున్నాం. ఇదివరకు చిన్న తరగతులవాళ్లు ఇంటర్వెల్లో అక్కడ పరిగెత్తేవాళ్లు. ఇప్పుడు మా బెంచీలున్నాయి కాబట్టి వాళ్లకీ లేదు. అందరూ మమ్మల్ని తిడుతున్నారు."

ఒక్క ఆటల పీరియడ్ అడగబోతే ఉన్న ఆటస్థలం కూడా పోయింది. మేస్త్రి తన జీవితంలో రాసిన అర్జీల్లో ఇంత తొందరగా ఫలితం వచ్చినది ఇదొక్కటే.

ఆ తర్వాతి రోజు కూతురు బడి నుంచి వచ్చి ఏమీ చెప్పలేదు. కంచం ముందు కూర్చుని ముద్ద కలుపుతూనే ఉంది, నోట్లో పెట్టుకోలేదు.

"ఏమైందే?" అంది తల్లి.

"మా కొత్త టీచర్ని వేరే బడికి పంపించేస్తారంట."

"ఎవరన్నారు?"

"చదువుల ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. గురువారం ఆఫీసరే వచ్చి అడుగుతారంట. పిల్లలు ఇలా రాయలేరు, వెనక ఎవరో పెద్దవాళ్లున్నారు అని ఉంది అందులో. ఉత్తరం రాయడం నేర్పింది టీచరే కాబట్టి టీచరే రాయించారని అనుకుంటున్నారు."

"మరి నువ్వేం చెప్పావు?" మేస్త్రి అడిగాడు.

"నేనే రాశానన్నాను. ఎవరి సాయం లేకుండా రాయాలని టీచరు ముందే చెప్పారు కదా. నువ్వు రాశావంటే నేను హోంవర్కు చేయనట్టు. నేను రాశానంటే టీచర్ని పంపించేస్తారు." ఆ పిల్ల కంచంలోంచి తల ఎత్తింది. "నేను ఎందుకు అని అడిగితే విసుక్కోని టీచరు ఆవిడొక్కరే నాన్నా. ఏం చెప్పమంటావు?"



మర్నాడు షెడ్డులో ఎవరినీ కూర్చోనివ్వకుండా, తప్పు తనదేనని ఒప్పుకుంటూ ఒక కాగితం రాయడానికి కూర్చున్నాడు. మొదటి వాక్యంలో ఆఫీసరును పొగిడాడు. రెండో వాక్యంలో తన ఇరవై రెండేళ్ల చాకిరీ, వంగిన నడుము వచ్చాయి. మూడో వాక్యానికి వచ్చేసరికి అన్యాయం జరిగింది తనకేనని తేలింది. చించేసి మళ్లీ మొదలుపెట్టాడు. ఈసారి తప్పు పోస్టాఫీసుది అయింది. మరోసారి కార్బన్ కాగితాలది అయింది. మధ్యాహ్నానికి ఆయన చుట్టూ పదకొండు కాగితపు ఉండలున్నాయి. ఒక్కదాంట్లోనూ ఆయన తప్పు లేదు. ఇక నోటితోనే చెప్పాలని ఆయనకు అర్థమైంది. ఆ ఆలోచన రాగానే కూజాలో నీళ్లన్నీ తాగేశాడు.

గురువారం పదకొండింటికి ఆటస్థలంలోనే విచారణ. టీచరు బల్ల వెనక చదువుల ఆఫీసరు కూర్చున్నాడు. కాగితాలు ఎగరకుండా వాటి మీద రాళ్లు పెట్టారు. ఒక నకలు తమ దగ్గరా ఉంది కదా, రాకపోతే ఏమంటారోనని ఆరోగ్య ఆఫీసరూ ఇంజనీరూ కూడా వచ్చారు. బెంచీల మీద నలభై ఇద్దరు పిల్లలు, వాళ్ల వెనక కొందరు తల్లిదండ్రులు. పెద్ద టీచరు నిటారుగా నిలబడింది. ఆమె పక్కన కొత్త టీచరు ఒక నోటుపుస్తకం గుండెలకు హత్తుకుని ఉంది. ఆటస్థలం గోడ అవతలి మేడ మీద, పూలకుండీల మధ్య, తెల్లజుట్టు పెద్దామె ఒకావిడ పిట్టగోడ మీదికి వంగి ఇదంతా చూస్తోంది.

"ఈ అర్జీ రాసిందెవరు?" అన్నాడు ఆఫీసరు.

కూతురు చెయ్యెత్తింది. "నేనే సార్."

"ధురంధరులు అంటే ఎవరమ్మా?"

ఆ పిల్ల కాసేపు ఆలోచించింది. "బాగా లావుగా ఉన్నవాళ్లా సార్?"

పిల్లలు ఘొల్లున నవ్వారు. లావుగా ఉన్న ఆఫీసరు నవ్వలేదు. ఆయన చూపు కొత్త టీచరు మీదికి తిరిగింది. ఆమె ఏదో అనబోయి, పిల్ల ముఖం చూసి ఆగిపోయింది. ఇవి పిల్ల మాటలు కావని చెబితే పిల్ల అబద్ధమాడినట్టవుతుంది.

వెనక వరసలో మేస్త్రి లేచాడు. రెండుసార్లు దగ్గాడు.

"నేను," అన్నాడు.

"నేను అంటే?"

"రాసింది. నా కూతురు రాసిచ్చింది ఐదు లైన్లు. మిగతాది నేను. టీచరమ్మకి తెలీదు."

ఇరవై రెండేళ్లలో ఆయన ఒక్కచోట అన్ని మాటలు మాట్లాడటం అదే మొదలు. కూతురు నోరు తెరిచి చూస్తూ ఉండిపోయింది.

"మీరేం చేస్తారు?"

"అర్జీలు రాస్తాను సార్."

"గోడలు జరగడం మీరు చూశారా?"

"లేదు సార్."

"పిల్లల వెన్నెముకలు?"

"చూళ్లేదు."

"మరి ఎందుకు రాశారు?"

"అలాగే రాస్తారు సార్."

"ఎవరు?"

"నేనే."

ఆఫీసరు కొత్త టీచరు వైపు తిరిగాడు. "మీరు పిల్లలకి నేర్పింది ఇదేనా? ఇలా రాసి జనాన్ని బెదరగొట్టమనేనా?"

కొత్త టీచరు నోటుపుస్తకం తెరిచి బల్ల మీద పెట్టింది. అందులో అర్జీ మొదటి కాగితం అంటించి ఉంది. దాని నిండా ఎర్ర సిరా. ఆఫీసరు కళ్లజోడు సవరించుకుని పైకే చదివాడు. "ఏం కావాలో మొదట్లో ఎక్కడా చెప్పలేదు. ఇంత ఏడుపు అక్కర్లేదు. వెన్నెముకలకు ఆధారం ఏది? ఎదుటివారి వాదన ఎక్కడ? ఆఖరున బెదిరింపు ఎందుకు? ఇది నీ మాటల్లో లేదు, మళ్లీ రాసుకురా. పదికి మూడు."

మేస్త్రి చెవులు ఎర్రబడ్డాయి. ఆ చేతి అర్జీతో వీధి దీపాలు వెలిగాయి, కుళాయిలు పారాయి. మూడు!

"ఆ మూడైనా దేనికిచ్చారు?" అన్నాడు ఆఫీసరు.

"మార్జిన్లు బాగున్నాయి సార్."

ఆఫీసరు మొదటిసారి నవ్వాడు. "ఈ టీచర్ని ఇక్కడే ఉంచండి," అన్నాడు పెద్ద టీచరుతో. "ఇలాంటివి రోజుకి ముప్ఫై చదువుతాను నేను. ఈవిడ చేతికింద ఇంకో పదిమంది తయారైతే నా కళ్లు బాగుపడతాయి."

కూతురు బెంచీ మీద ఊపిరి వదలడం వెనక వరస దాకా వినబడింది. ఆ పిల్ల అంతటితో కూర్చోలేదు.

"మరి ఆటల పీరియడ్ సార్?"

"అది కుదరదమ్మా."

"ఎందుకు?"

"ఎందుకంటే మేం ఊరికే తీసేయలేదు. దానికీ ఒక అర్జీ ఉంది." ఆఫీసరు ఫైలు అడుగు నుంచి ఒక కాగితం లాగాడు. ఆయన గొంతు మెత్తబడింది. "ఇదీ అర్జీ అంటే. చదువుతుంటే నాకే కళ్లు చెమర్చాయి. అదే రోజు ఆటలు ఆపించేశాను. వినండి. 'ఏకాకినగు వృద్ధురాలను, కన్నీటితో చేసుకొను మనవి ఏమనగా, ఆటస్థలము నుండి దినమునకు నలుబది బంతులు పిడుగులవలె...'"

మేస్త్రి పెదవులు కదులుతున్నాయి. ఆఫీసరు కంటే ఒక మాట ముందే కదులుతున్నాయి. "నా బిడ్డలవలె సాకిన పూలమొక్కలపై" అని ఆఫీసరు అనేలోపు మేస్త్రి పెదవులు "పూలమొక్కలపై" దాకా వెళ్లి, అక్కడ ఆగిపోయాయి. కూతురు అది చూసింది.

"నాన్నా, తర్వాతేముందో నీకెలా తెలుసు?"

మేస్త్రికి ఇప్పుడు గుర్తొచ్చింది. పోయిన ఏడాది ఎండాకాలం, స్టూలు మీద తెల్లజుట్టు పెద్దామె, పగిలిన కుండీ. ఆమె చెబుతోంది, తను "ఊ" కొడుతున్నాడు. అది ఏ బడి పక్కన అని కూడా అడగలేదు. రోజుకు ఎనిమిది అర్జీలు రాసేవాడు ఎన్నని గుర్తుపెట్టుకుంటాడు?

ఆఫీసరు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూశాడు. మార్జిన్లు రెండింట్లోనూ బాగున్నాయి.

"రెండు వైపులా మీరేనా?"

"రెండు వైపులా నేనే సార్."

"ఇందులో నిజమేది?"

మేస్త్రి నిజాయితీగా ఆలోచించాడు. "రెండింట్లోనూ తేదీ నిజం సార్."

"సార్," అంది కూతురు, "రోజుకి నలభై బంతులు ఎలా పడతాయి? మా బడికున్నదే ఒక్క బంతి."

పెద్ద టీచరు కూడా ముందుకొచ్చింది. "అది కూడా పాతదే సార్. ఆ అర్జీ సంగతి నాకు చెప్పనేలేదు. ఆటలు ఆపమని కాగితం వచ్చింది, ఆపాను. అడిగి ఉంటే నేను చెప్పేదాన్ని కదా."

అప్పుడు పైనుంచి కేక వినబడింది.

"ఏయ్ బాబూ! ఆ బల్ల వెనక కూర్చున్నాయనా! ఆటలు ఆపమని నేనెప్పుడన్నానయ్యా?"

అందరూ తలలెత్తారు. మేడ మీది పెద్దామె పిట్టగోడ మీద సగం ఇటువైపే ఉంది.

"అర్జీలో ఉందమ్మా," అన్నాడు ఆఫీసరు. "మీ సంతకం కూడా ఉంది."

"కళ్లజోడు ఇంట్లో మర్చిపోయాను, పెట్టమన్న చోట పెట్టాను! నాకు పగిలింది ఒక్క కుండీ. గోడ మీద ఒక వల కట్టించండయ్యా, బంతి ఇటు రాకుండా ఉంటుంది అన్నాను. అంతే! ఆ నాయన 'ఊ' అన్నాడు, పేజీన్నర కొట్టాడు. పొద్దస్తమానం పిల్లల ఆటలు చూస్తూ కూర్చునేదాన్ని. అదీ పోయింది. ఏడాదిగా ఈ మేడ మీద నాకు దిక్కెవరు, కుండీలా?"

ఆఫీసరు మేస్త్రి వైపు తిరిగాడు. "ఆవిడ వల అడిగితే వల అని ఎందుకు రాయలేదు?"

"వల అని రాస్తే అర్జీ చిన్నదైపోతుంది సార్."

ఎవరూ నవ్వలేదు, మేస్త్రి కూడా. ఆయన కూతురి ముఖం చూశాడు. ఆ పిల్లకు కోపం వస్తుందనుకున్నాడు. ఆ పిల్ల పెన్సిలు చెక్కుతోంది.

"నాన్నా, ఇలా రా," అంది. "నేను చెప్తాను, నువ్వు రాయి. చెప్పింది మాత్రమే రాయి."

ఆఫీసరు ఒక తెల్లకాగితం తోశాడు. మేస్త్రి చిన్నపిల్లల బెంచీలో మోకాళ్లు గడ్డానికి తగిలేలా ఇరుక్కుని కూర్చున్నాడు. కూతురు చెప్పింది. మాకు ఆటల పీరియడ్ కావాలి. ఆడిన రోజుల్లో లెక్కలు తప్పినవాళ్లు ఆరుగురు, ఆడనప్పుడు పదముగ్గురు, మార్కుల పుస్తకంలో ఉంది. బంతి పక్క మేడ మీద పడుతుందంటారు. అది నిజమే, ఒక్కసారి పడింది, ఒక కుండీ పగిలింది, అందుకు మేం క్షమాపణ చెబుతున్నాం.

"కన్నీటితో..." అని మేస్త్రి కలం కదిలింది.

"నాన్నా."

కలం ఆగింది. వల కడితే బంతి అటు పోదు. కాబట్టి వల కట్టించి, ఆటలు మళ్లీ పెట్టండి. అంతే. మొత్తం ఆరు వాక్యాలు. పైనుంచి పెద్దామె "నేను కూడా సంతకం పెడతాను, ఈసారి కళ్లజోడుంది!" అంది. పెద్ద టీచరు మార్కుల పుస్తకం తెచ్చి చూపించింది. ఆఫీసరు ఒక్క నిమిషంలో చదవడం ముగించి, ఇంకేమీ లేదా అన్నట్టు వెనక్కి తిప్పి చూశాడు. తర్వాత సంతకం చేశాడు.

ఇక మిగతావి వాటంతటవే సర్దుకున్నాయి. పాత పుస్తకంలో గది కొలత గోడలకు సున్నపు పూత వేయకముందు రాసిందని ఇంజనీరు కనిపెట్టాడు. అటొక అంగుళం, ఇటొక అంగుళం. తనే తాళం తీసి, వల కట్టే పని కూడా తనే చూసుకుంటానన్నాడు. ఆరోగ్య ఆఫీసరు రిపోర్టు అక్కడే చదివాడు. నలభై ఇద్దరివీ వెన్నెముకలు నిటారుగానే ఉన్నాయట, రోజూ గెంతితే ఇంకా మంచిదట. ఆరు వాక్యాల ఉత్తరానికి కొత్త టీచరు పదికి తొమ్మిది వేసింది. మార్జిన్ వదలలేదని ఒకటి తగ్గించింది. ఆ తొమ్మిది తనదా కూతురిదా అని మేస్త్రి ఇంటికి వెళ్లేదాకా ఆలోచించాడు. భార్యను అడిగితే, "చెప్పింది అది, రాసింది మీరు. మార్జిన్ వదలనిది మీరు," అంది.

వారం తర్వాత వల వచ్చింది. ఆటల పీరియడ్ మొదలైన రోజు మేస్త్రి షెడ్డుకు వెళ్తూ బడి గోడ దగ్గర సైకిలు ఆపి కాసేపు చూశాడు. నలభై ఇద్దరూ ఒక్క బంతి వెనకే పరిగెడుతున్నారు. అందరికంటే వెనక కూతురు, పరిగెడుతూనే పక్కపిల్లను ఏదో అడుగుతోంది. మేడ మీద పెద్దామె నిలబడి ఎవరు తొండి చేశారో చెబుతోంది.

మరో పది రోజులకు ఆ పెద్దామే కళ్లజోడు పెట్టుకుని, షెడ్డుకు వచ్చి స్టూలు మీద కూర్చుంది. మేస్త్రి ఈసారి "ఊ" అనకుండా, "మీకేం కావాలి పెద్దమ్మా?" అని ముందే అడిగాడు.

ఆట సగంలో ఉండగానే గంట కొట్టేస్తున్నారనీ, గెలిచిందెవరో తేలక తనకు నిద్ర పట్టడం లేదనీ, ఆ పీరియడ్ ఇంకో అరగంట పెంచమని రాయమనీ ఆమె చెప్పింది.